రిటైర్మెంట్, షష్టిపూర్తి, ఇల్లు మారడం: మూడింటికీ ఒకే ముహూర్తం పెట్టకండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న చూడనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీవారు విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసే మనిషి. ఈ జూన్ 30న రిటైరవుతున్నారు. శ్రావణంలో అరవై నిండుతాయి, షష్టిపూర్తి ఘనంగా చేయాలని పిల్లల పట్టు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేయాలి. అబ్బాయి బెంగళూరులో ఫ్లాట్ కొన్నాడు, అందరూ వచ్చేయమంటున్నాడు. అమ్మాయికి డల్లాస్‌లో ఆగస్టు నెలాఖరుకి డెలివరీ, మీరు వెళ్లాలి, వీసా చేతిలో ఉంది. ఇంట్లో ఎనభై నాలుగేళ్ల అత్తగారు. మీ తమ్ముడు మధురవాడలో ఫ్లాట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేయమని తొందర పెడుతున్నాడు. మీవారేమో ఏది అడిగినా "మీ ఇష్టం" అంటున్నారు. ఖర్చు కలిసొస్తుందని జూన్ 30నే ఫంక్షన్ హాల్లో రిటైర్మెంటూ షష్టిపూర్తీ కలిపి కానిచ్చేద్దామా అన్నది మీ ప్రశ్న.

వద్దు. ఎందుకో చెప్తాను.

గాజువాక వైపు బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. నెలాఖరులో రిటైరైనవాళ్లు మర్నాడో ఎల్లుండో మా కౌంటర్ దగ్గరికే వచ్చేవారు. వచ్చేది డిపాజిట్ గురించే అయినా, కుర్చీలో కూర్చున్నాక మాట్లాడేది ఇంటి గురించీ పిల్లల గురించీ. నేను గమనించింది ఏమిటంటే, చిక్కుల్లో పడ్డవాళ్లకు డబ్బు తక్కువై కాదు. ఒక్క నెలలో నాలుగు నిర్ణయాలు తీసేసుకుని, ఆ తర్వాత ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోలేక.

ముందు తేదీల సంగతి చూద్దాం. మీవారి పుట్టినరోజు రికార్డులో 1-7-1966 అనీ, అసలు పుట్టింది శ్రావణ శుద్ధ పంచమి అనీ రాశారు. మన తరంలో జూలై ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు, బడిలో వేసిన మాస్టారి చలవ! ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు, అందుకే జూన్ 30. అంటే ఆ తేదీ ఆఫీసుది, మీవారి ఆయుష్షుకి దానితో సంబంధం లేదు. షష్టిపూర్తి చేసేది పుట్టిన సంవత్సరం పేరు అరవై ఏళ్ల చక్రం తిరిగి మళ్లీ వచ్చినందుకు. 1966 ఉగాదితో మొదలైంది పరాభవ. ఈ మార్చి 19న మళ్లీ పరాభవే వచ్చింది, 2027 ఏప్రిల్ 7 ఉగాది దాకా ఉంటుంది. శ్రావణ శుద్ధ పంచమి ఈసారి ఆగస్టు 17న పడింది.

కాబట్టి జూన్ 30కి షష్టిపూర్తి చేస్తే తిథీ కాదు, మాసమూ కాదు. పైగా ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ తర్వాత నెలరోజులు నిజ జ్యేష్ఠం, జూలై 14 అమావాస్యతో అదీ అయిపోయి ఆషాఢం. శ్రావణం వచ్చేది ఆగస్టు 13న. మీ ఇంట్లో పట్టింపులు ఎంతవరకో నాకు తెలియదు గానీ, ఎనభై నాలుగేళ్ల అత్తగారు ఉన్న ఇంట్లో ఇవి లెక్కలోకి రాకుండా పోవు. పిల్లలకు ఈ క్యాలెండర్ తీసి చూపించండి, సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

ఇక ఆగస్టు 17నే చేయాలా? అప్పటికి మీరు డల్లాస్‌లో ఉండాలి అంటాను. నెలాఖరుకి అని డాక్టరు చెప్పినా తొలి కాన్పు రెండు వారాలు ముందే రావచ్చు. పంచమికి పీటల మీద కూర్చుని, పంతొమ్మిదిన విమానం ఎక్కి, అమ్మాయి ఎలా ఉందోనని దారి పొడుగునా టెన్షన్ పడటం ఎందుకు? ఆగస్టు మొదటివారంలో వెళ్లండి. విజిటర్ వీసా మీద దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు, అన్నాళ్లూ ఉండాలని కాదు గానీ జనవరికి తీరిగ్గా రావచ్చు. షష్టిపూర్తి మాఘంలో పెట్టుకోండి. మాఘం 2027 ఫిబ్రవరి 7న మొదలవుతుంది, అప్పటికీ పరాభవే. ఆ సంవత్సరం దాటకుండా జన్మ నక్షత్రం కలిసొచ్చే రోజు చూసి చేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. అయినా మీ పురోహితుల మాటే మీకు ఆఖరు, ఆయన్ని ఇప్పుడే అడగండి. ఆగస్టు 17న మాత్రం మీవారు వాళ్లమ్మగారిని తీసుకుని సింహాచలం వెళ్లి గోత్రనామాలతో పూజ చేయించుకుని వస్తే సరిపోతుంది. అది ఆవిడకి కొడుకు పుట్టినరోజు కూడా కదా, మనమంతా ఆ సంగతి మర్చిపోతాం.

జూన్ 30న చేసేది చిన్నగా చేయండి. అది ఆయన షిఫ్టువాళ్లది. డిపార్ట్‌మెంటులో వాళ్లే శాలువా కప్పి నాలుగు మాటలు చెప్తారు, సాయంత్రం మీ క్వార్టర్ ముందు షామియానా వేసి భోజనాలు పెట్టండి. బంధువుల్ని పిలవొద్దు. బంధువులు వచ్చారంటే "తర్వాతేంటి? ఎక్కడుంటారు? ఎంతొచ్చింది?" అనే మూడు ప్రశ్నలకు రాత్రి పదకొండు దాకా ఆయనే జవాబు చెప్పుకోవాలి.

ఆయన మౌనం గురించి. మీరు దాన్ని అలక అనుకుంటున్నారేమో, నాకు అలా అనిపించడం లేదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరూవాడా కదిలింది ఆయన పుట్టిన ఏడాదే. ఆ నవంబర్ 1న ఈ ఊళ్లో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టులో పీవీ నరసింహారావు చేతుల మీదుగా ప్లాంట్ జాతికి అంకితమైంది. ఆ మధ్య కాలంలో చేరినవాళ్లు గోదావరి, కృష్ణ అని ఫర్నేస్‌లను ఇంట్లో ఆడపిల్లల్ని పిలిచినట్టు పిలుస్తారు. "ఈమధ్య కృష్ణ బాగోలేదండీ" అని ఎవరైనా అంటే మా బ్రాంచికి కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడేవారు. అలాంటి మనిషి జూలై ఒకటిన పొద్దున్నే అలారం లేకుండానే పొద్దుటి మొదటి షిఫ్టు టైముకే లేస్తారు. లేచి ఏం చేయాలో తెలియదు. ఐడీ కార్డు ఇచ్చేశాక కూడా జేబు తడుముకునేవాళ్లను మా కౌంటర్ దగ్గర ఎంతమందిని చూశానో.

అందుకని ఒక్కటే చెప్తాను. అబ్బాయి ఫోన్లో యాప్ పెట్టి "నాన్నా, నీకెందుకు, అన్నీ నేను చూసుకుంటా" అంటే వద్దనండి. కాగితాల పనులు ఆయన్నే చేసుకోనివ్వండి. నెమ్మదిగా చేస్తారు, ఒకే ఆఫీసుకి మూడుసార్లు తిరుగుతారు, ఎండలో వచ్చి విసుక్కుంటారు. కానివ్వండి. పనులకేం తక్కువ లేదు.

వాటిలో మొదటిది పెన్షన్. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు వచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ అర్హత వయసు 58. మీవారికి రికార్డు ప్రకారం 2024 జూలైకే 58 నిండాయి. అప్పుడే దరఖాస్తు పెట్టారా, లేక అరవై దాకా వాయిదా వేశారా కనుక్కోండి. వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం చొప్పున పెన్షన్ పెరుగుతుంది. రెండూ కాకుండా ఊరికే వదిలేసినవాళ్లు కూడా ఉంటారు, ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి. దరఖాస్తు ఫారం 10డి. దాంట్లో మీ పేరు, మీ పుట్టినతేదీ మీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. రేపు ఆయన తర్వాత మీకు వచ్చేది అందులో సగం, ఆ రోజున అక్షరం తేడా ఉందని తిప్పి పంపితే తిరగాల్సింది మీరే. ఇంటిపేరు ముందు రాశారా వెనక రాశారా అన్నంత చిన్న తేడాతో ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

రెండోది క్వార్టర్. రిటైరయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారో, ఎంత అద్దెకో, గడువు దాటితే ఏమవుతుందో పక్కింటివాళ్ల మాట మీద కాకుండా ఆఫీసులో అడిగి కాగితం మీద తెచ్చుకోమనండి. ప్రభుత్వరంగ సంస్థల్లో క్వార్టర్ అప్పగించి నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న కాగితం) తెచ్చేదాకా చివరి లెక్కల్లో కొంత ఆపడం మామూలే. రిటైరైనవాళ్లకు ఉండే మెడికల్ సదుపాయం ఏమిటో, అది బెంగళూరు ఆసుపత్రుల్లో చెల్లుతుందో లేదో కూడా అప్పుడే అడగాలి. చెల్లకపోతే విడిగా పాలసీ తీసుకోవచ్చు. 65 దాటితే ఇవ్వరనే పాత మాట ఇప్పుడు లేదు, 2024లో ఆ నిబంధన తీసేశారు. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు.

మూడోది డబ్బు. గ్రాట్యుటీ, పీఎఫ్ వచ్చిన నెలలో ఇంటికి వచ్చే ప్రతివాడి దగ్గరా ఒక ప్లాన్ ఉంటుంది. అన్నిటికీ "శ్రావణం దాటాక చూద్దాం" అనండి, మంచి మాట, ఎవరూ ఎదురు చెప్పలేరు. ఈలోగా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టుకోవచ్చు. ఒక మనిషికి 30 లక్షల వరకు, అయిదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ. 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం చేశారు. రేటుని ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది గానీ మీరు వేసిన రోజున్న రేటు మీకు అయిదేళ్లూ ఉంటుంది. ఆ రేటుకి 30 లక్షల మీద మూడు నెలలకు 61,500 వస్తుంది, అంటే నెలకు ఇరవై వేల చిల్లర. అద్దె, కిరాణా, అత్తగారి మందులు ఎవరినీ అడగకుండా గడుస్తాయి. అబ్బాయి మంచివాడే, కాదనను. కానీ ఆ ఇరవై వేలు మీ ఖాతాలో పడుతున్నప్పుడు బెంగళూరులో ఉండటం వేరు, పడనప్పుడు ఉండటం వేరు.

మధురవాడ ఫ్లాటుకి ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వొద్దు. ప్రాంతం మంచిది కాదని కాదు. కానీ మీ మనుషులంతా కుర్మన్నపాలెం, దువ్వాడ, అగనంపూడి వైపు ఉంటే మధురవాడ ఊరికి ఆ చివర. మీవారు పాత స్నేహితుణ్ని కలవాలంటే మధ్యలో ఎన్ఏడీ ట్రాఫిక్ దాటుకుని రావాలి, రెండు నెలల తర్వాత రావడం మానేస్తారు. రేపు నిజంగా కొనదలిస్తే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకం కాగితాలు) చూడటంతో ఆగకండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూడాలి. సింహాచలం కొండ చుట్టుపక్కలైతే దేవస్థానం పంచగ్రామాల భూముల్లోకి వస్తుందేమో చూసుకోవాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ ఐదూళ్ల పేర్లు మీ తమ్ముడికి చెప్పండి. బీచ్ కనబడే ఫ్లాట్ అని మోజుపడకండి కూడా. ఉప్పుగాలికి గ్రిల్లు, ఏసీ బయటి యూనిట్ ఎలా తుప్పు పడతాయో ఆ ఫ్లాట్లలో ఉన్నవాళ్లను అడిగితే చెప్తారు.

బెంగళూరు మాటకొస్తే, మీ ఉత్తరంలో అందరి అభిప్రాయమూ ఉంది గానీ అత్తగారిది లేదు. ఆవిణ్ని అడిగారా? ఈ వయసువాళ్లు "మీరెక్కడుంటే నేనక్కడే" అంటారు, దాన్ని ఒప్పుకోలు అనుకోకండి. మాకు తెలిసిన ఇంట్లో ఇలాగే సామాను కట్టేస్తుంటే పెద్దావిడ గుమ్మంలో కూర్చుని, "బీరువా ఎక్కడెట్టాలో అందరూ సెప్తన్నారు, నన్నెక్కడెడతారో ఒక్కరూ సెప్పరేటి?" అంది. అంతే, సామాను కట్టడం ఆ పూటకి ఆగిపోయింది. తొమ్మిదో అంతస్తులో, అబ్బాయీ కోడలూ ఆఫీసులకి వెళ్లాక, పగలంతా ఆవిడతో మన యాసలో మాట్లాడే మనిషి ఎవరు? ఇప్పుడు క్వార్టర్ వెనక గట్టు మీద కూర్చుంటే మునగకాడలు కోసుకోవడానికి వచ్చేవాళ్లు, ఉల్లిపాయలు అమ్మేవాడు, బస్సు కోసం నిలబడ్డ పిల్లలు, పదిమంది పలకరిస్తారు. ఆవిడ మందులకంటే అదే ఎక్కువ పనిచేస్తోందని నా నమ్మకం.

నేనైతే ఇలా చేస్తాను. జూలై మొదటివారంలో, ఆషాఢం రాకముందే, కుర్మన్నపాలెంలో అద్దె ఇంట్లో దిగండి. ఏడాదికే అగ్రిమెంట్. మీరు అమెరికా వెళ్లిన నెలల్లో మీవారూ అత్తగారూ తెలిసిన మనుషుల మధ్య ఉంటారు, వంటకి ఒక మనిషిని ఇప్పుడే మాట్లాడి జూలైలోనే పనిలో పెట్టండి, మీరు బయల్దేరే ముందురోజు కాదు. మీవారికి ఉప్పు ఎంత, అత్తగారికి మెత్తగా ఎంత ఉడకాలి అన్నీ మీ కళ్లముందే కుదురుకోవాలి. ఆడబిడ్డ గారు అనకాపల్లిలో ఉన్నారన్నారు కదా, దసరాకి ఒక పదిరోజులు వచ్చి ఉండమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి, మొహమాటపడొద్దు, వాళ్లమ్మే కదా.

బెంగళూరుకి మీరు తిరిగొచ్చాక ముగ్గురూ వెళ్లి రెండు నెలలు ఉండి రండి. పండగలకి కాదు, మామూలు రోజుల్లో. పండగకి వెళ్తే ఏ ఊరైనా బాగుంటుంది. సోమవారం పొద్దున్న పదకొండు గంటలకు మీవారు ఏం చేస్తున్నారో చూసి, అప్పుడు అబ్బాయికి జవాబు చెప్పండి. ఇప్పుడే అడిగితే మాత్రం "రామని కాదు నాన్నా, ఏడాది ఆగి వస్తాం" అని మీవారి చేతే చెప్పించండి. అమ్మ చెప్తే బతిమాలతాడు, నాన్న చెప్తే వింటాడు.

అద్దె ఇంటికి మారాక అడ్రస్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆధార్, ఓటు, రేషన్ కార్డు, గ్యాస్, బ్యాంకు అన్నిట్లోనూ క్వార్టర్ నంబరే ఉంటుంది. కొత్త కుటుంబం దిగాక మీ పేరుతో వచ్చే ఉత్తరాలు ఎవరు తీసి పెడతారు? ముందు బ్యాంకు, ఈపీఎఫ్ ఖాతాల్లో ఫోన్ నంబరు మీవారిదే ఉందో లేదో చూసుకోండి. ఆ నంబరు అమెరికా వెళ్లిన అమ్మాయి పాత నంబరు అయి, ఓటీపీ ఎక్కడికి పోతోందో తెలియని కేసులు కోకొల్లలు.

సామాను గురించి ఏడుపొస్తోందన్నారు. రావడం సహజమే. క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లూ "ఉండనీ, పడుంటుంది" అని అటక మీదకి చేర్చినదంతా ఒక్కసారి దిగుతుంది. ఒక్క రోజులో తేల్చకండి. అటక దింపేటప్పుడు పిల్లల్ని వీడియో కాల్‌లో పెట్టి అడగండి, పదోతరగతి నోట్సులు ఎవరికీ అక్కర్లేదని వాళ్ల నోటితోనే వస్తుంది. ఆవకాయ జాడీలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. పోయిన ఏడు పెట్టిన ఆవకాయ ఎలాగూ మేలో అయిపోతుంది, జాడీని చీరల మధ్య పెట్టి మీ చేతుల్తోనే ఆటోలో తీసుకెళ్లండి, లారీవాడికి ఇస్తే మూత ఒకచోటా జాడీ ఒకచోటా చేరతాయి.

మాఘంలో షష్టిపూర్తికి రెండు జాగ్రత్తలు. ఏసీ హాలు తీసుకోవద్దు. కలశాల నీళ్లతో అభిషేకం అంటే పిల్లలూ బంధువులూ వరసగా వచ్చి పోస్తారు, మీ ఇద్దరూ నిలువునా తడుస్తారు, ఆ తర్వాత హోమం దగ్గర కూర్చోవాలి. గుడి మండపమో, షామియానానో మేలు. పక్కనే బట్టలు మార్చుకోవడానికి గది ఉందో లేదో బుక్ చేసేముందు చూడండి. మీ పుట్టింటివారు పెట్టే పట్టుబట్టలు అభిషేకం తర్వాత కట్టుకోవడానికి ఉంచి, ముందు నూలువి కట్టుకోండి. బీపీ మాత్ర విషయం డాక్టరుతో ముందే మాట్లాడుకోండి, ఉపవాసమని మానేయడం వద్దు, ఉదయం ఎనిమిదికి మొదలైతే మధ్యాహ్నం ఒంటిగంట దాకా పీటల మీదే ఉంటారు. అన్నవరం వ్రతం మరో రోజు పెట్టుకోండి. ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లు, రైలు దిగి కొండెక్కి వ్రతం చేసుకుని సాయంత్రానికి వచ్చేయొచ్చు.

కుర్మన్నపాలెంలో ఇల్లు చూసేటప్పుడు లిఫ్ట్ ఉందని చెప్పినా గ్రౌండ్ ఫ్లోరే అడగండి, లేదంటే మొదటి అంతస్తు. జనరేటర్ లిఫ్ట్‌కి పనిచేస్తుందా, కామన్ లైట్లకేనా అని ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. బాత్రూమ్‌లో అత్తగారు పట్టుకోవడానికి గోడకి ఒక రాడ్ వేయించుకుంటామని అగ్రిమెంటుకి ముందే చెప్పి ఒప్పించండి. ఇల్లు దొరికాక వీలైతే ఇక్కడ రాయండి, మంచి ఎలక్ట్రీషియన్, ప్లంబర్ నంబర్లు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఇస్తారు.